పురుగులతో పాఠములు

గత మాసమున మాకు చేరిన జాబులలో అమీర్‌పేటనుండి ఒక ఉపాధ్యాయిని వ్రాసిన జాబు మమ్ము చాల ఆలోచింపజేసినది. ఆమె బడి ఒక మేడపై మూడవ అంతస్తున నున్నదట. క్రింద టిఫినుల హోటలు. ప్రక్క మేడమీద సాఫ్ట్‌వేరు నేర్పు కోచింగు సెంటరు. కిటికీ తెరచిన బస్సుల మోత, మూసిన ఉక్క. తరగతిలో 42 మంది పిల్లలు. వాచ్‌మన్ల పిల్లలు, హాస్టళ్లలో వంట చేయువారి పిల్లలు, దర్జీల పిల్లలు. సైన్సు చెప్పుటకు ఆమెకున్న సామగ్రి ఒక నల్లబల్ల, సుద్దముక్క, గోడకు వ్రేలాడు మిడత పటము. సూక్ష్మదర్శిని ఒకటి కలదు గాని, పిల్లలు పాడుచేయుదురను భయముచేత అది బీరువాలో తాళము క్రింద నుండును.

"కీటకములకు ఆరు కాళ్లు" అని ఆమె పటము చూపి చెప్పగా, వెనుక వరుసలోని బాలిక యొకతె లేచి, "సాలెపురుగుకు గూడ ఆరేనా టీచర్?" అని అడిగినదట. పుస్తకములో ఎనిమిది యని యున్నది. ఆమె అట్లే చెప్పినది. మరునాడు ఆ బాలిక ఒక అగ్గిపెట్టెలో సాలెపురుగును, మరొక పెట్టెలో బొద్దింకను పట్టి తెచ్చి, రెంటిపైనను గాజుగ్లాసులు బోర్లించి, తరగతి నంతటిని పిలిచి లెక్కింపజేసినదట. "నేను పదునాలుగేండ్లుగా పాఠము చెప్పుచున్నాను. నా తరగతి ఆనాడున్నంత నిశ్శబ్దముగా ఎన్నడును లేదు" అని ఆమె వ్రాసినది. సాయంకాలమునకు ఆ పిల్ల తల్లి బడికి వచ్చినది. "వేలకు వేలు ఫీజు కట్టి పంపునది చదువుకొనుటకా, బొద్దింకలు పట్టుటకా?" అని నలుగురిలో నిలిచి అడిగినది. బడి యజమానులు ఇకమీదట పురుగులు లోనికి రారాదని ఆజ్ఞ యిచ్చిరి. ఇపుడేమి చేయవలెనని ఆమె మమ్ము అడుగుచున్నది.

ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఆమెకు గాక, మా పాఠకురాండ్రలోని తల్లులకు వ్రాయుటయే న్యాయమని మాకు తోచినది. ఏలయన, బీదబడికి త్రాసు లేదు, గాజుగొట్టములు లేవు, ఆమ్లములు లేవు, నీటికుళాయి సహితము ఒక్కొక్కచోట లేదు. పురుగులకు మాత్రము ఎక్కడను కొరత లేదు. బియ్యపు డబ్బాలో ముక్కపురుగు, కరివేపాకు కుండీలో గొంగళి, స్నానాల గది గోడపై చీమలబారు, కూలరు నీటిలో దోమ. కాసు ఖర్చు లేకుండ దొరకు ప్రయోగసామగ్రి యిది. దానిని బడిలోనికి రానీయకుండ అడ్డుకొను మాట ఒక్కటే: "ఛీ, పురుగు!" ఆ మాట పుట్టునది ఇంటిలో. మగపిల్లవాడు తూనీగను పట్టిన నవ్వి ఊరకుందుము. ఆడపిల్ల పట్టిన చేతిమీద కొట్టుదుము. ఈ భేదము మన యిండ్లలో నేటికిని కలదా లేదా, చదువరులే చెప్పవలయును.

పురుగును చూచుట చదువు కాదను తల్లికి మేము చెప్పదగిన కథ ఒకటి ఆ బడికి కూతవేటు దూరముననే జరిగినది. అమీర్‌పేటలో మెట్రోబండి ఎక్కి సికింద్రాబాదు వైపు పోవునపుడు, తరువాతి స్టేషను బేగంపేట. అచ్చట పాత విమానాశ్రయమునకు చేరువలో ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి అధీనమున సర్ రొనాల్డ్ రాస్ పేర ఒక పాతకాలపు కట్టడము కలదు. 1897లో రాస్ దొర అచ్చట సైన్యవైద్యుడు. ఆయన 1857లో అల్మోరాలో పుట్టినవాడు. మలేరియా జ్వరము చెడుగాలి వలన వచ్చునని లోకమంతయు నమ్ముచున్న కాలమది. ఆ రోగమునకు ఆ పేరే 'చెడుగాలి' అను అర్థముగల ఇటలీమాట వలన వచ్చినది. రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవి కలదని 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. అది ఒకరినుండి యొకరికి ఎట్లు పోవుచున్నదో మాత్రము ఎవ్వరికిని తెలియలేదు. దోమ కారణము కావచ్చునని లండనులో మాన్సన్ అను పెద్దవైద్యుడు రాసునకు సూచించెను.

రాసునకు అచ్చట గొప్ప ప్రయోగశాల యేదియు లేదు. ఒక సూక్ష్మదర్శిని కలదు. ఆయన నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమటచేత దాని మరలు త్రుప్పుపట్టినవి. మిగిలిన ఒక్క కంటిబిళ్లయు చిట్లినది. ఆగస్టు ఉక్కలో పంకా లాగించుకొనుటకు వీలు లేదు. గాలికి కోసిపెట్టిన దోమ ముక్కలు ఎగిరిపోవును. దోమల జాతులను వర్ణించిన పుస్తకములును ఆయన వద్ద లేవు. కావున వానికి తానే రూపమును బట్టి పేర్లు పెట్టుకొనెను: చారలదోమ, బూడిదరంగు దోమ, రెక్కలపై మచ్చలున్న దోమ. ఇది మా ఉపాధ్యాయిని గుర్తుంచుకొనదగిన సంగతి. పేరు తెలియకున్నను పని ఆగలేదు. పిల్లలు 'నల్ల తెలుపు చారల పురుగు' అని పిలిచిన చాలును. లాటిను పేరు పిదప రావచ్చును, రాకపోయినను నష్టము లేదు.

మొదటి రెండు రకముల దోమలను ఆయన లెక్కలేనన్ని కోసి చూచెను, ఫలము కలుగలేదు. ఆగస్టు మాసమున ఆయన సేవకులు తెచ్చిన నీటిలోని పిల్లపురుగుల నుండి మచ్చలరెక్కల దోమలు పుట్టినవి. హుసేన్ ఖాన్ అను మలేరియా రోగి వానిచేత కుట్టించుకొనుటకు ఒప్పుకొనెను. దోమకు అణా చొప్పున ఆతనికి కూలి ముట్టినది. ఆగస్టు 16వ తేదీన కుట్టిన దోమలలో కొన్ని చచ్చినవి, కొన్ని ముందే కోసి చూడబడినవి. 20వ తేదీనాటికి మిగిలినవి అతిస్వల్పము. ఆనాడు ఒకదాని కడుపుగోడలో, దోమకు సహజము గాని గుండ్రని కణములు కనబడినవి. వానిలో మలేరియా జీవికి గుర్తైన నల్లని రేణువులు. మరునాడు చివరి దోమను కోయగా ఆ కణములు మరింత పెరిగియున్నవి. పెరుగుచున్నదనగా అది బ్రదికియున్న దన్నమాట!

ఆ తరువాత ఆయనను రాజపుతానాకు బదిలీ చేసిరి. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి కుట్టుటతో పక్షికి పోవునని ఆయన చూపెను. మనుష్యుల మలేరియా మాట అదే యేడు ఇటలీ శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. 1902లో రాసునకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆగస్టు 20 నేటికిని దోమల దినముగా లోకమంతట పాటింపబడుచున్నది. హుసేన్ ఖానుకు ముట్టినది అణాలే. కథ చెప్పునపుడు ఆతని పేరు విడువరాదని మా అభిప్రాయము.

ఇట్టి స్థలమునకు అంత చేరువలో నుండి, మిడత పటము చూచి దోమను నేర్చుకొనుట ఎట్టి విడ్డూరము! దోమపాఠమునకు కావలసినది ఒక గాజుసీసా, సన్నని గుడ్డ, దారము. మేడమీద పాత టైరులోనో, కొబ్బరిచిప్పలోనో, పూలకుండీ క్రింది పళ్లెములోనో నిలిచిన నీటిని ఆ సీసాలో పోసి, మూతిని గుడ్డతో గట్టిగా కట్టవలెను. ఈ గుడ్డ విషయమున మాత్రము ఉపాధ్యాయిని కఠినముగా నుండవలయును. ముడి వదులైనచో పాఠము పోయి దోమ మిగులును.

మొదటి దినమున పిల్లలు చూచునది నీటిలో మెలికలు తిరుగు సన్నని పురుగులు. సీసాపై చేయి అడ్డుపెట్టి నీడ పడనిచ్చిన అన్నియు దిగువకు పోవును. కొంతసేపటికి మరల పైకి వచ్చును. ఏల వచ్చుచున్నవి? ఇది పుస్తకము చూడక పిల్లలు తామే ఊహింపదగిన ప్రశ్న. అవి చేపవలె నీటిలోని గాలిని మాత్రము నమ్ముకొని బ్రదుకలేవు. తోక చివరనున్న గొట్టమును నీటిపైకి చాచి గాలి పీల్చును. నీటిపై రెండు చుక్కల నూనె వేసిన మరొక సీసా ప్రక్కన నుంచినచో సంగతి మరింత తేటపడును. డెంగీ దోమ, బోదకాలు దోమ పిల్లలు తలక్రిందులుగా ఏటవాలుగా వ్రేలాడును. మలేరియా దోమ పిల్లకు ఆ గొట్టము లేదు గనుక నీటిమట్టమునకు సమముగా పడుకొని యుండును. సూక్ష్మదర్శిని అక్కరలేని భేదమిది, కన్నులున్న చాలును. పిమ్మట అది కామావలె వంగిన ప్యూపా యగును. ఏమియు తినదు గాని ఈదుచునే యుండును. ఉక్కకాలమున వారము పది దినములలో గుడ్డ క్రింద దోమలు ఎగురును. అంతట సీసాను వేడినీటితో ముగించవలెను.

ఈ సీసాను వారముదినములు చూచిన పిల్ల ఇంటికి పోయి ఏమి చేయునో మేము చెప్పగలము. నేరుగా కూలరు దగ్గరకు పోవును. డెంగీని మోయు దోమ నల్లనిది, కాళ్లపై తెల్లని పట్టెలు గలది, పగటివేళ కుట్టునది. అది మురికికాలువను కోరదు; మన బిందెలోని, డ్రమ్ములోని, కూలరులోని శుభ్రమైన నీటినే కోరును. గ్రుడ్లను నీటిలో గాక, నీటి అంచునకు కొంచెము పైన పాత్ర గోడకు అంటించును. ఆ గ్రుడ్లు ఎండి నెలల తరబడి యున్నను చావవు. మరల నీరు తగిలిన పొదుగును. కావుననే డ్రమ్మును బోర్లించి నీరు పారబోసిన చాలదు, లోపలి గోడలను పీచుపెట్టి తోమవలెను. ఎందరు గృహిణులకు ఈ తోముట మాట తెలియును? వానకాలము వచ్చిన జ్వరపు రోగులతో ఈ నగరపు ఆసుపత్రుల వరుసలు నిండుటను ఏటేట చూచుచునే యున్నాము. అమీర్‌పేట, పంజాగుట్టలలో కుళాయినీటికై డ్రమ్ములు నింపుకొను గదులెన్నియో కలవు. ఆ గదులలో ఈ పాఠము ఎవరైన చెప్పగలిగినచో, అది బడినుండి వచ్చిన పదేండ్ల పిల్లయే చెప్పవలయును. ప్రకటన కాగితము కంటె కూతురి మాట తల్లి చెవికి బాగుగా నెక్కును.

బోదకాలు మాట వచ్చినది గనుక, దాని మందుతో ముడివడిన మన తెలుగువాని పేరొకటి పిల్లలకు చెప్పవచ్చును. 1895లో భీమవరమున పుట్టి, అమెరికాలో పనిచేసిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలనుండియే 1947 ప్రాంతమున 'హెట్రజాన్' అను మందు బయల్వెడలినది. దానినే నేటికిని బోదకాలు నివారణకు ఊరూర పంచుచున్నారు.

దోమ భయపెట్టి నేర్పును. ఆశ్చర్యపరచి నేర్పునది కందిరీగ. మన పెద్దలు చెప్పు భ్రమరకీటక న్యాయము ఎరుగని తెలుగిల్లు లేదు. భ్రమరము ఒక పురుగును తెచ్చి మట్టిగూటిలో పెట్టి, చుట్టును ఝంకారము చేయుచుండగా, ఆ పురుగు భయముచేతనో ధ్యానముచేతనో దానినే తలచి తలచి తుదకు భ్రమరమే యగునని కదా ఆ మాట. వేదాంతమునకు అది చక్కని ఉపమానము. దానిని మేము కాదనము. కాని కిటికీ చట్రముపై కూజావలె కట్టిన ఆ మట్టిగూటిని పిల్లలు కత్తిమొనతో మెల్లగా తెరచి చూచినచో వేరొక కథ కనబడును. లోన గొంగళి పురుగులు కదలక మెదలక పడియుండును. కొన్ని జాతుల గూళ్లలో గొంగళికి మారుగా సాలెపురుగులుండును. అవి చచ్చినవి కావు, కుళ్లవు; కందిరీగ కొండితో పొడిచి కదలనీయకుండ చేసినది. వాని నడుమ ఒక చిన్న గ్రుడ్డు. గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల ఆ తాజా ఆహారమును తిని పెరిగి, గూటిలోనే రూపుమారి, మట్టిని కొరికి బయటకు వచ్చును. పురుగు భ్రమరము కాలేదు. భ్రమరపు బిడ్డకు భోజనమైనది!

ఇది చూచిన పిల్లకు ఒక సంశయము తప్పక కలుగును: పూర్వులు ఏల అట్లనుకొనిరి? ఉపాధ్యాయిని తొందరపడి 'అది మూఢనమ్మకము' అనరాదు. పూర్వులు మంచిగనే చూచిరి. గూటిలోనికి పురుగు పోవుట చూచిరి, గూటినుండి కందిరీగ వచ్చుట చూచిరి. నడుమ గూడు తెరచి చూడలేదు, అంతే. చూచినదానికిని ఊహించినదానికిని నడుమనున్న ఆ సందు ఎంతటిదో ఒక మట్టిగూడు చూపినట్లు మరేదియు చూపలేదు.

ఈ కందిరీగల జీవితమును కనిపెట్టి వ్రాసిన మహనీయుడు ఫ్రాన్సుదేశపు ఫాబ్రె గారు. 1823లో బీదకుటుంబమున పుట్టి బడిపంతులుగా జీవించినవాడు. ఆయనకు పురుగులపై మనసు పోయినది పిల్లల మూలముననే. కార్పెంత్రా అను ఊరిలో పిల్లలను భూమి కొలుచు పాఠమునకై బయలునకు తీసికొనిపోగా, వారు కొలతలు మాని రాళ్లకు అంటియున్న మట్టిగూళ్లను పగులగొట్టి గడ్డిపోచలతో తేనె పీల్చుచుండిరట. పంతులు కోపపడలేదు, తానును ఆ గూళ్లను చూచెను. తరువాత ఆ పురుగుల వివరము తెలుపు పుస్తకము కొనుటకు ఒక నెల జీతము ఖర్చుచేసెను. 1870 ప్రాంతమున అవిన్యోను పట్టణమున ఆయన ఆడపిల్లలకు ఉచితముగా ప్రకృతిశాస్త్రము చెప్పుచు, పూవులు కాయలగుట ఎట్లో వివరించినందుకు ఊరిపెద్దలు మండిపడిరి. ఇంటివారు ఇల్లు ఖాళీచేయించిరి. అమీర్‌పేటలో బొద్దింక తెచ్చినందుకు వచ్చిన తగవు ఆ ముందు ఎంత!

ఫాబ్రెకు రెండువందల యేండ్ల క్రిందటనే ఒక స్త్రీ యీ పని చేసినది. మారియా సిబిల్లా మెరియాన్ 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టున జన్మించినది. పదుమూడేండ్లకే పట్టుపురుగులను పెంచి చూచినది. గొంగళి బురదనుండి పుట్టునని నమ్మువారింకను ఉండిన ఆ దినములలో, గ్రుడ్డు, గొంగళి, గూడు, సీతాకోకచిలుక అను నాలుగింటిని అది తిను మొక్కతో గూడ ఒక్క పటమున వ్రాసి 1679లో పుస్తకము ప్రకటించినది. 52వ యేట, చిన్న కూతురిని వెంటబెట్టుకొని, ఓడనెక్కి దక్షిణ అమెరికాలోని సురినాముకు పోయినది పురుగులను చూచుటకే. ఇద్దరు బిడ్డల తల్లి. ప్రయోగశాల ఆమె యిల్లే.

మెరియాన్ చూచినది మన కరివేపాకు కుండీలోనే చూడవచ్చును. లేత ఆకుమీద ఆవగింజకంటె చిన్నదగు పసుపుచాయ గ్రుడ్డు కనబడును. దానినుండి వచ్చు గొంగళి మొదట అచ్చముగా పిట్టరెట్టవలె నుండును. పిట్ట తన రెట్టను తాను తినదు గదా! పెరిగిన పిదప ఆకుపచ్చ రంగు దాల్చును. పుల్లతో మెల్లగా తాకినచో తలవెనుకనుండి ఎర్రని కొమ్మలవంటి వస్తువును వెలికి చాచి ఘాటైన వాసన కొట్టును. తరువాత కొమ్మకు పట్టుదారముతో నడుము కట్టుకొని గూడగును. కొన్నాళ్లకు నల్లని రెక్కలపై తెల్లమచ్చల సీతాకోకచిలుక. ఈ నెలదినములలో గృహిణికి నష్టము గుప్పెడు కరివేపాకు. రోడ్డు ప్రక్క ఖాళీజాగాలలో జిల్లేడు మొలచినచోట మరొక జాతి కలదు. దాని గొంగళిపై నలుపు, తెలుపు, పసుపు పట్టెలుండును. జిల్లేడు విషమును ఒంట దాచుకొని పిట్టలకు చేదగును. జిల్లేటి పాలు కంటికి ప్రమాదము గనుక కొమ్మను పెద్దలు త్రుంపి యివ్వవలెను. వెండ్రుకల గొంగళిని చేత ముట్టరాదు, దురద పుట్టించును. ఏ పురుగును చూచినను పిదప సబ్బుతో చేతులు కడుగవలయును. ఈ మాత్రము జాగ్రత్త చాలును.

జీవహింస యగునని కొందరు సోదరీమణులకు సంకోచము కలుగవచ్చును. మేము చెప్పు పద్ధతిలో సూదులు గ్రుచ్చుట లేదు, మందు పెట్టి చంపుట లేదు. దోమ తక్క అన్నింటిని చూచి విడుచుటయే. నిజమునకు ఒక గొంగళిని ఇరువది దినములు ఆకు పెట్టి పెంచిన పిల్ల ఆ తరువాత కాలితో నలుపజాలదు.

పరీక్షలో రాదందురా? గ్రుడ్డు, లార్వా, ప్యూపా అను మాటలు పాఠ్యపుస్తకమున ఉన్నవే. బట్టీపట్టినవాడు వానిని తారుమారు చేయును, చూచినవాడు చేయడు. మధ్యప్రదేశములో హోషంగాబాదు జిల్లాయందు 1972లో పదునారు పల్లెబడులతో ఆరంభమై 2002 వరకు నడచిన సైన్సు బోధనోద్యమము పిల్లలను పొలములకు పంపి, చూచినదే వ్రాయించి, దానిపైననే పరీక్షయు పెట్టినది. మన తెలుగులో జన విజ్ఞాన వేదిక వారి 'చెకుముకి' పత్రిక పిల్లలకు ఇట్టి సంగతులనే చెప్పుచు వచ్చినది.

ఇక సూక్ష్మదర్శిని మాట. తాళములో నున్నదానిని గూర్చి విచారింపనక్కరలేదు. అట్టముక్కకు సన్నని రంధ్రము చేసి, అంచున నూనె రాసి, నీటిబొట్టు నిలిపినచో అదే భూతద్దము. చీమ మీసము కనబడును. అమెరికాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమున పనిచేయు మను ప్రకాశ్ అను భారతీయుడు తన శిష్యునితో గలసి 2014లో కాగితము మడచి చేయు 'ఫోల్డ్‌స్కోప్' అను సూక్ష్మదర్శినిని లోకమునకు చూపెను. అది జేబులో పట్టును, క్రిందపడిన పగులదు.

గృహిణులు బడికై నిరీక్షింపక వంటయింటిలోనే చేయదగినది మరియొకటి. బియ్యములో పురుగు బియ్యమునుండియే పుట్టునని మనలో చాలమంది యనుకొందురు. బియ్యమును బాణలిలో కొంచెము వేడిచేసి చల్లార్చి, రెండు సీసాలలో సమముగా పోసి, ఒకదానిలో పది ముక్కపురుగులను విడిచి, రెంటికిని గుడ్డ కట్టి, నెలన్నర యుంచుడు. పురుగు విడువని సీసాలో ఏమియు పుట్టదు. రెండవదానిలో గింజలకు రంధ్రములు, కొత్త పురుగులు. ఆడపురుగు గింజకు తూటు చేసి, గ్రుడ్డు పెట్టి, తూటు పూడ్చివేయును. పిల్ల గింజలోననే పెరుగును. 1668లో ఇటలీలో రెడీ అను వైద్యుడు మాంసమును ఈగలను పెట్టి చేసిన ప్రసిద్ధ ప్రయోగమును మనము బియ్యముతో చేసినట్లగును. ముక్కపురుగులకు వేపాకు వేయు మన ఆచారము ఎంతవరకు పనిచేయుచున్నదో మూడవ సీసా పెట్టిన తెలిసిపోవును. ఫలితము మాకు వ్రాసినచో ప్రకటింతుము.

కార్తెలను బట్టి చూడదగినవి వేరు వేరు. తొలకరి సాయంకాలమున వీధిదీపము చుట్టు ఉసిళ్లు మూగును. అవి రెక్కలు మొలచిన చెదలు. పుట్టలు కట్టునవి ఆ చెదలే. చీమల పుట్ట యనుట వాడుక మాత్రమే. ఆరుద్రకార్తెలో నేల తడిసినచోట ఎర్రని మఖమలు గుండీవలె ఆరుద్రపురుగు వచ్చును. దాని కాళ్లు లెక్కపెట్టుడు, ఎనిమిది. అది కీటకము కాదు, సాలెపురుగునకు చుట్టము. చిత్రమేమన, పిల్లగా నున్నపుడు దానికి ఆరే! ఈ ప్రశ్న ఒక్కటి వేసినచో ఎట్టి ఉపాధ్యాయిని యైనను మరునాటికి గడువడుగును. అమీర్‌పేటలో సిమెంటు లేని నేల అరుదు గనుక, ఆరుద్రపురుగునకై ఏ పార్కునకో, మామ్మగారి ఊరికో పోవలసియుండును.

భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు కట్టలు నగరము వెలుపలనుండి వచ్చి అమీర్‌పేట, పంజాగుట్ట కాలిబాటలపై కుప్పలుగా అమ్ముడుపోవును. లేతపసుపు, తెలుపు రెక్కల సీతాకోకచిలుకలు తంగేడు జాతి మొక్కల ఆకులపైననే గ్రుడ్లు పెట్టును. కట్టను విప్పి పూలు కోయునపుడు ఆకుల నొకసారి త్రిప్పి చూడుడు. నిలువుగా నిలిచిన సన్నని తెల్లని గ్రుడ్డో, ఆకురంగులో కలిసిపోయిన పచ్చని గొంగళియో కనబడినచో, ఆ రెమ్మను మాత్రము విడదీసి గ్లాసునీటిలో నుంచి, గుడ్డకప్పి, పిల్లలకు చూపుడు. దానికి రెండు దినముల కొకసారి కొత్త రెమ్మ కావలెను; పండుగ తొమ్మిది దినములును తంగేటికి లోటుండదు.